మహావేదిలో సరూప త్రిభుజాలు: ఆపస్తంబుని త్రాడు చెప్పిన క్షేత్రధర్మం

సోమయాగం చేసిన గృహస్థును సోమయాజి అంటారు. ఆయన ధర్మపత్నిని తెలుగువారు సోమిదమ్మ అని గౌరవిస్తారు. హైదరాబాదు నడిబొడ్డున ఉన్న సోమాజిగూడ పేరు వింటే వైదిక సంస్కారం గల చెవికి ఆ సోమయాజి శబ్దమే స్ఫురిస్తుంది. ఆ పేట పేరుకు వ్యుత్పత్తి నిర్ణయించడం ఈ వ్యాసానికి ఉద్దేశం కాదు. స్ఫురించిన ఆ సోమయాజి చేతిలో ఏమున్నది అన్నదే మన విచారణ. స్రుక్కు, స్రువం, అరణి, చమసాలు మనకు వెంటనే గుర్తుకు వస్తాయి. కాని వాటన్నిటికంటె ముందు యజ్ఞభూమిపై పరచుకొనేది ఒక త్రాడు. దానికి రజ్జువని, శుల్బమని పేర్లు. ఆ త్రాటితో భూమిని కొలిచే శాస్త్రమే శుల్బసూత్రం.

తెలుగునాట వైదిక కుటుంబాలలో అత్యధికులు కృష్ణయజుర్వేదానికి చెందిన తైత్తిరీయ శాఖీయులు, ఆపస్తంబ సూత్రానుయాయులు. ఉపనయనమైన బాలుడు ప్రవర చెప్పే ప్రతిసారీ తన గోత్రంతోపాటు ఆపస్తంబ మహర్షి పేరును ఉచ్చరిస్తాడు. ఆ మహర్షి కల్పసూత్రం ముప్పది ప్రశ్నల గ్రంథం. అందులో 27వ ప్రశ్న గృహ్యసూత్రం, 28, 29 ప్రశ్నలు ధర్మసూత్రం. చివరిదైన 30వ ప్రశ్న శుల్బసూత్రం. గృహ్యం పురోహితుని నోట నేటికీ జీవించి ఉన్నది. ధర్మసూత్రం పండితుల చర్చలలో నిలిచి ఉన్నది. ముప్పదవ ప్రశ్నను మాత్రం మనం పేరుతో నమస్కరించి విడిచిపెట్టినాము. ఆ ప్రశ్నలో ఉన్న ఒక్క క్షేత్రాన్ని, సోమయాగపు మహావేదిని, శ్రద్ధగా కొలిచి చూద్దాం. నేడు పదవ తరగతి బాలుడు సరూప త్రిభుజాలు అనే పేరుతో నేర్చుకొనే ధర్మం అక్కడ ఏ రూపంలో ఉన్నదో తెలుస్తుంది.

వేది స్వరూపం

మహావేది సమలంబ చతుర్భుజం. పడమటి భుజం 30 ప్రక్రమాలు, తూర్పు భుజం 24 ప్రక్రమాలు, నడుమ పడమటి నుండి తూర్పుకు సాగే ప్రాచీరేఖ 36 ప్రక్రమాలు. పడమటి మూలలను శ్రోణులని, తూర్పు మూలలను అంసాలని అంటారు. వేదిని స్త్రీమూర్తిగా భావించే సంప్రదాయంలో కటి విశాలంగా, భుజశిరస్సులు కొంత సన్నగా ఉండాలన్న భావన ఈ పేర్లలోనే ఉన్నది.

ఈ వేది వైశాల్యం 972 అని ఆపస్తంబుడు స్వయంగా చెప్పినాడు. చెప్పి ఊరుకోలేదు, ఎందుకు 972 అవుతుందో కూడా చూపినాడు. దక్షిణాంసం నుండి దక్షిణశ్రోణి వైపుగా ఒక రేఖను ప్రాచీరేఖకు సమాంతరంగా దించాలి. అది పడమటి భుజంపై ప్రాచి నుండి 12 ప్రక్రమాల దూరంలో నిలుస్తుంది. దాని వెలుపల 3 ప్రక్రమాల భూమి, 36 ప్రక్రమాల ఎత్తు గల ఒక సన్నని త్రిభుజం మిగులుతుంది. ఆ ముక్కను తీసి, తలక్రిందులు చేసి, ఉత్తర పార్శ్వాన చేర్చాలి. అప్పుడు వేది 27 వెడల్పు, 36 పొడవు గల దీర్ఘచతురస్రమవుతుంది. ఇరువదియేడును ముప్పదియారుతో గుణిస్తే 972. ఒక ఫలితాన్ని చెప్పి, దానికి ఉపపత్తిని కూడా సూత్రంలోనే నిక్షేపించడం శుల్బ వాఙ్మయంలో అరుదైన విషయం. కపర్దిస్వామి, కరవిందస్వామి, సుందరరాజు అనే వ్యాఖ్యాతలు ఈ సూత్రాలను తరువాతి తరాలకు విప్పి చెప్పినారు.

త్రాటిలో దాగిన నిష్పత్తి

ఇక ఆ నాలుగు మూలలను భూమిపై ఎట్లా గుర్తించాలి? ప్రాచీరేఖకు లంబంగా శ్రోణులూ అంసాలూ నిలవాలి. అందుకు ఆపస్తంబుడు పలు మార్గాలు చెప్పినాడు. అందులో ఒకటి అందరికీ తెలిసిన 3, 4, 5 కొలతల త్రిభుజం. భుజ 3, కోటి 4 అయితే కర్ణం 5. ఈ మూడింటికీ వాటి మూడింతలు చేరిస్తే 12, 16, 20 అవుతాయి. వాటితో అంసాలను గుర్తించమన్నాడు. నాలుగింతలు చేరిస్తే 15, 20, 25 అవుతాయి; వాటితో శ్రోణులను గుర్తించమన్నాడు.

ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. 3-4-5, 12-16-20, 15-20-25 మూడు వేర్వేరు త్రిభుజాలు. పరిమాణాలు వేరు, ఆకృతి ఒక్కటే. కోణాలు మారలేదు, భుజాల నిష్పత్తి మారలేదు. సరూప త్రిభుజాలకు ఇదే లక్షణం. అదే విధంగా 5-12-13 త్రిభుజాన్ని మూడింతలు చేసి 15-36-39గా శ్రోణులకు వాడమన్నాడు. మూలం చిన్నది, వినియోగం పెద్దది, రూపం మాత్రం అభిన్నం.

ఇప్పుడు మనం ఒక లెక్క చేద్దాం. ఇది సూత్రకారుడు చెప్పిన ఉపపత్తి కాదు, ఆయన ఇచ్చిన కొలతల నుండి మనం తీసే ఫలితం. వేదికి రెండు కర్ణాలు గీయండి. ఉత్తరశ్రోణి నుండి దక్షిణాంసానికి ఒకటి, దక్షిణశ్రోణి నుండి ఉత్తరాంసానికి ఒకటి. అవి ప్రాచీరేఖపై ఒక బిందువు వద్ద కలుసుకుంటాయి. వేది నాలుగు త్రిభుజాలుగా విడిపోతుంది. పడమటి భుజం, తూర్పు భుజం సమాంతరాలు కనుక వాటిపై నిలిచిన రెండు త్రిభుజాలు సరూపాలు. వాటి భూములు 30, 24. అంటే నిష్పత్తి 5:4. లంబాలు కూడా అదే నిష్పత్తిలో ఉండాలి. మొత్తం 36 ప్రక్రమాలను 5:4గా పంచితే 20, 16 వస్తాయి.

ఈ సంఖ్యలు మనకు ఇప్పటికే పరిచితాలు. శ్రోణికి ఆపస్తంబుడు వాడిన కోటి 20, అంసానికి వాడినది 16. తూర్పు చివర నుండి లోపలికి 16, పడమటి చివర నుండి లోపలికి 20 కొలిస్తే రెండూ ఒకే బిందువును చేరుతాయి, ఎందుకంటే వాటి మొత్తం సరిగ్గా 36. ఆ బిందువే కర్ణాలు ఖండించుకొనే చోటు. శ్రోణికి సాగిన 25 ప్రక్రమాల త్రాడు, అంసానికి సాగిన 20 ప్రక్రమాల త్రాడు ఒకే సరళరేఖలో నిలిచి 45 ప్రక్రమాల వేదికర్ణమవుతాయి.

ఇక వైశాల్యాలు. పడమటి త్రిభుజం: 30లో సగం 15, దానిని 20తో గుణిస్తే 300. తూర్పు త్రిభుజం: 24లో సగం 12, దానిని 16తో గుణిస్తే 192. భుజాల నిష్పత్తి 5:4. వైశాల్యాల నిష్పత్తి 300:192, అంటే 25:16. భుజం ఎంత పెరిగితే వైశాల్యం అంత పెరగదు, దాని వర్గం మేరకు పెరుగుతుంది. సరూప క్షేత్రాల మూలధర్మం ఇదే.

పక్కల ఉన్న రెండు త్రిభుజాల మాట? దక్షిణ త్రిభుజం, పడమటి త్రిభుజం రెండింటి భూములూ ఒకే కర్ణరేఖపై ఉన్నవి, వాటి శీర్షం దక్షిణశ్రోణి రెండింటికీ ఉమ్మడి. కనుక వాటి వైశాల్యాలు ఆ కర్ణఖండాల నిష్పత్తిలో, అంటే 25:20లో ఉండాలి. 300కు అయిదింట నాలుగు భాగాలు 240. ఉత్తర త్రిభుజం కూడా 240. ఇప్పుడు కలుపండి: 300, 192, 240, 240. మొత్తం 972. ముక్కను తలక్రిందులు చేసి ఆపస్తంబుడు చూపిన సంఖ్యకే మనం వేరొక దారిన చేరినాము.

ఇందులో మరొక సౌలభ్యం ఉన్నది. 300ను 192తో గుణిస్తే 57,600. దాని వర్గమూలం 240. అంటే సమలంబ చతుర్భుజంలో భూమిపై నిలిచిన రెండు త్రిభుజాల వైశాల్యాలు తెలిస్తే చాలు, పక్క త్రిభుజం వాటి గుణలబ్ధానికి వర్గమూలం. భుజాలు, లంబాలు ఏవీ తెలియకపోయినా మొత్తం క్షేత్రఫలం చెప్పవచ్చు. నేటి విద్యార్థులకు పోటీ పరీక్షలలో ఎదురయ్యే ప్రశ్నలలో ఇది ఒకటి. దాని సాధనకు మహావేదికంటె చక్కని ఉదాహరణ వెదకనక్కరలేదు.

తప్పు కొలిస్తే ఏమవుతుంది

భుజవృద్ధికీ వైశాల్యవృద్ధికీ గల ఈ భేదం శుల్బకారులకు కర్మసాఫల్యానికి సంబంధించిన విషయం. సౌత్రామణి వేది మహావేదిలో మూడవ వంతు వైశాల్యం కలిగి ఉండాలి, ఆకృతి మాత్రం మహావేదిదే. ప్రతి కొలతనూ మూడవ వంతు చేస్తే? భుజాలు 10, 8, ప్రాచి 12; వైశాల్యం 108 మాత్రమే. అది తొమ్మిదవ వంతు. కావలసినది 324. అందుకే ఆపస్తంబుడు కొలతల సంఖ్యలను తాకలేదు, ప్రక్రమాన్నే మార్చమన్నాడు. ఒక చదరపు ప్రక్రమంలో మూడవ వంతు వైశాల్యం గల చతురస్రపు భుజాన్ని కొత్త ప్రక్రమంగా గ్రహించి, 30, 24, 36 అనే సంఖ్యలను యథాతథంగా ఉంచమన్నాడు. అశ్వమేధంలో వేది రెట్టింపు కావలసినప్పుడు, రెట్టింపు వైశాల్యపు చతురస్ర భుజాన్ని ప్రక్రమంగా తీసుకొమ్మన్నాడు. అప్పుడు వైశాల్యం 1,944.

శ్యేనచితిలో ఈ సూక్ష్మం మరింత స్పష్టం. పక్షి ఆకారపు ఆ చితికి మొదటి పర్యాయం వైశాల్యం ఏడున్నర చదరపు పురుషాలు. పురుషం అంటే 120 అంగుళాలు. పక్షి దేహం రెండు పురుషాల చతురస్రం, వైశాల్యం 4. రెక్క ఒక్కొక్కటి ఒక పురుషం వెడల్పు, ఒక పురుషంపై ఒక అరత్ని పొడవు. అరత్ని పురుషంలో అయిదవ వంతు కనుక రెక్కకు 1.2. తోకకు ఒక పురుషంపై ఒక ప్రాదేశం, అంటే 1.1. మొత్తం 4, 1.2, 1.2, 1.1 కలిపితే 7.5.

తరువాతి చయనంలో చితి 8½, ఆ తరువాత 9½, ఇట్లా 101½ వరకు పెంచవచ్చు. శతపథ బ్రాహ్మణం దశమ కాండలో కూడా ఏడింతల అగ్ని నుండి నూటొకటింతల అగ్ని వరకు సాగే ఈ విచారణ ఉన్నది. పక్షి పెరగాలి, కాని పక్షిగానే పెరగాలి. దేహానికీ రెక్కకూ గల నిష్పత్తి చెడితే అది శ్యేనం కాదు. కనుక అదనపు చదరపు పురుషాన్ని 15 భాగాలు చేసి, ప్రతి చదరపు పురుషానికీ రెండేసి భాగాలు, మిగిలిన అర్ధానికి ఒక భాగం చేర్చాలి. పాత చదరపు పురుషం ఒకటి అయితే కొత్తది పదునైదింట పదునేడు. దాని భుజం సుమారు 127¾ అంగుళాలు. త్వరపడి పురుషపు పొడవునే పదునైదింట పదునేడు చేసినవాని కొలత 136 అంగుళాలు. వాని పక్షి వైశాల్యం 9.63 దాటుతుంది. ఒక చదరపు పురుషం పెంచబోయి రెండుకు పైగా పెంచినవాడవుతాడు. శ్రద్ధ ఉన్నది, మంత్రం ఉన్నది, మానం తప్పినది.

నూటొకటిన్నర పురుషాల మహాశ్యేనం మొదటి పక్షికి వైశాల్యంలో పదమూడున్నర రెట్లకు కొంచెం ఎక్కువ. అయినా దాని రెక్క పొడవు మొదటి రెక్కకు 3.68 రెట్లు మాత్రమే.

త్రైరాశిక మార్గం

గ్రీకు దేశంలో యూక్లిడు క్రీ.పూ. 300 ప్రాంతంలో తన గ్రంథం ఆరవ భాగంలో సరూప త్రిభుజాల వైశాల్యాలు భుజవర్గాల నిష్పత్తిలో ఉంటాయని సిద్ధాంతంగా నిరూపించినాడు. మన శాస్త్రకారులు సరూపతను ప్రత్యేక ప్రకరణంగా విభజించలేదు. కర్మలో దానిని ప్రక్రమ పరివర్తనగా వాడినారు, గణితంలో త్రైరాశికంగా వాడినారు. ప్రమాణం ఇంత అయితే ఫలం ఇంత, మరి ఇచ్ఛ ఇంత అయితే ఫలం ఎంత? ఇదే త్రైరాశికం. రెండు సరూప త్రిభుజాలలో ఒక దాని భుజకోటులు తెలిసి, రెండవ దాని భుజ తెలిస్తే కోటిని చెప్పేది ఈ న్యాయమే.

క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయం గణితపాదంలో త్రిభుజ ఫలం, శంకుచ్ఛాయ, త్రైరాశికం మూడూ ఉన్నవి. ఆర్యభటుడు అశ్మక జనపదంలో జన్మించినాడని నీలకంఠ సోమయాజి తన భాష్యంలో పేర్కొన్నాడు. ఆ జనపదానికి రాజధాని అయిన పోదనం నేటి నిజామాబాదు జిల్లా బోధన్ అని పలువురు చరిత్రకారుల అభిప్రాయం.

రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, క్రీ.శ. 850 ప్రాంతంలో, జైనాచార్యుడైన మహావీరుడు గణితసారసంగ్రహాన్ని రచించినాడు. క్షేత్రగణితానికీ ఛాయావ్యవహారానికీ అందులో వేర్వేరు ప్రకరణాలున్నవి. ఆ గ్రంథాన్ని పదకొండవ శతాబ్దంలో పావులూరి మల్లన సారసంగ్రహ గణితంగా తెలుగు చేసినాడు. తెలుగులో మొదటి గణిత గ్రంథం అదే. సంస్కృతంలో త్రాటికీ శంకువుకూ పరిమితమైన శాస్త్రం తెలుగు పద్యంలోకి దిగి, పొలం కొలిచే కరణానికీ బడిపిల్లవానికీ అందినది. జైనుడు రచించిన గ్రంథాన్ని శైవుడు తెలుగు చేయడంలో మతభేదం అడ్డు రాలేదు. క్షేత్రఫలం అందరికీ ఒక్కటే కదా!

1150లో భాస్కరాచార్యుడు లీలావతిలో ఇచ్చిన వెదురుల లెక్క ప్రసిద్ధం. 15 మూరలు, 10 మూరలు ఎత్తు గల రెండు వెదురులు నేలపై నిలిచినవి. ఒక దాని కొన నుండి రెండవ దాని మొదలుకు త్రాళ్లు కట్టినారు. త్రాళ్లు కలిసే చోటు నేల నుండి ఎంత ఎత్తు? గుణలబ్ధం 150ని మొత్తం 25తో భాగిస్తే 6. వెదురుల నడుమ దూరం ఎంతైనా సమాధానం మారదు. ఇంతకు ముందు మహావేదిలో కర్ణాలు ఖండించుకొన్న చిత్రమే ఇది, పక్కకు తిప్పి నిలబెట్టినారు. సృష్టి అంతా శ్రీహరి వ్యాపించి ఉన్నట్లే గణితమంతా త్రైరాశికం వ్యాపించి ఉన్నదని ఆ గ్రంథంలోనే భాస్కరుడు అభిప్రాయపడినాడు. ఆ ఉపమ గణితకారుని భక్తికీ, భక్తుని గణితానికీ సాక్ష్యం.

కేరళలో నీలకంఠ సోమయాజి 1444లో జన్మించినాడు. పేరులోనే సోమయాగ దీక్షను ధరించిన ఆ మహనీయుడు గ్రహగణితమంతటా రెండే న్యాయాలు వ్యాపించి ఉన్నవని చెప్పినాడు. ఒకటి భుజాకోటికర్ణ న్యాయం, రెండవది త్రైరాశిక న్యాయం. మహావేదిని గుర్తించిన 3-4-5 త్రాడు మొదటిది, దానిని 12-16-20గా పెంచిన పద్ధతి రెండవది. వేదిపై పుట్టిన రెండు న్యాయాలూ ఆకాశాన్ని కొలిచే సాధనాలైనవి.

ఆకాశాన్ని కొలిచే ఆ పని ఆధునిక కాలంలో సోమాజిగూడకు చేరువలోనే జరిగినది. 1901లో నవాబు జఫర్ జంగ్ నెలకొల్పిన నిజామియా వేధశాల తరువాత బేగంపేటకు చేరినది. అనేక దేశాల వేధశాలలు ఆకాశాన్ని పంచుకొని నక్షత్రపట్టికలు సిద్ధం చేసిన మహాకార్యంలో అది పాల్గొన్నది. దక్షిణ ఖగోళంలో 17 నుండి 23 అంశల వరకు గల మేఖల, ముందు చిలీ దేశపు సాంటియాగోకు కేటాయించినది, హైదరాబాదు చేతికి వచ్చినది. ఆ కార్యానికి నిర్ణయించిన మానం ప్రకారం ఆకాశంలో ఒక కళ కోణం ఛాయాపత్రంపై ఒక మిల్లీమీటరు. అంటే ఒక అంశకు 60 మిల్లీమీటర్లు, ఒక చదరపు అంశకు 3,600 చదరపు మిల్లీమీటర్లు. పొడవు అరవై, వైశాల్యం అరవై వర్గం. శ్యేనచితి నియమమే గాజుపలకపై నిలిచినది.

సారూప్యం

నైయాయికులు సాదృశ్యాన్ని నిర్వచిస్తూ, ఒక వస్తువుకంటె భిన్నమై ఉంటూనే దాని ధర్మాలను అధికంగా కలిగి ఉండడమే సాదృశ్యమన్నారు. ఈ నిర్వచనంలో రెండు అంగాలూ ముఖ్యమే. భేదం లేకపోతే అది అదే వస్తువు, ధర్మసామ్యం లేకపోతే పోలికే లేదు. 3-4-5కూ 15-20-25కూ గల సంబంధం సరిగ్గా ఇట్టిది.

ముక్తిభేదాలలో సారూప్యం ఒకటి. భక్తుడు భగవంతుని రూపసామ్యాన్ని పొందుతాడు. అయినా జగత్సృష్ట్యాది వ్యాపారం ముక్తునికి లేదని బ్రహ్మసూత్రాల చివరి పాదం నిర్ణయిస్తున్నది. రూపం సమానం, వ్యాప్తి సమానం కాదు. చిన్న త్రిభుజపు కోణాలన్నీ పెద్ద త్రిభుజపు కోణాలే, అయినా దాని క్షేత్రఫలం దానిదే. జీవుని అల్పత్వం అతని రూపశుద్ధికి అడ్డు కాదు. రూపశుద్ధి అతని అల్పత్వాన్ని తొలగించిందని భ్రమించరాదు.

మన శాస్త్రాలలో సర్వమూ ఉన్నదని అనడం సులభం. ఉన్నదానిని త్రాటితో కొలిచి చూపడం ఋషిఋణం తీర్చుకొనే మార్గం. 36 జానల త్రాడు ప్రాచిగా చాచండి. స్థలం చాలకపోతే జానకు బదులు బెత్తెడు తీసుకోండి, సంఖ్యలు అవే. తూర్పు చివర నుండి 16 వద్ద మేకు నాటండి. అక్కడి నుండి 20, 25 కొలతల త్రాళ్లు సాగించి నాలుగు మూలలు గుర్తించండి, ముగ్గుపిండితో కర్ణాలు గీయండి. 300, 192, 240, 240 లెక్క ఇంటి పిల్లలచేత కట్టించండి. మరునాడు ప్రవరలో ఆపస్తంబ మహర్షి పేరు పలికేటప్పుడు, ఆ పిల్లవానికి తాను ఎవరి పేరు పలుకుతున్నాడో తెలిసి ఉంటుంది.